రెండో అంతస్తువాళ్ళు సబ్బు మరిచిపోవడం గురించి

మా వదిన మనస్తత్వ శాస్త్రంలో పరిశోధకురాలు. ఈ మాట చెప్పగానే చాలామంది ఒక అడుగు వెనక్కి వేసి, తమ మనసులో ఏముందో ఆవిడకి తెలిసిపోతుందేమోనని ముఖం సర్దుకుంటారు. అంత భయం అక్కర్లేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఒకే ఇంట్లో ఉన్నాం, నేను బిస్కెట్ల డబ్బా ఎక్కడ దాస్తానో ఆవిడ ఒక్కసారి కూడా కనిపెట్టలేకపోయింది.

ఆవిడ చదివేది మనసుల్ని కాదు, మతిమరుపుని. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో సత్తువ తగ్గుతుంది కదా, సత్తువ తగ్గితే బుర్ర కూడా తగ్గి తీరాలా, లేక ఒళ్ళు ఎటు పోయినా బుర్ర తన దారిన తాను గట్టిగా నిలబడగలదా? ఇదీ ఆవిడ ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇరవయ్యేడేళ్ళు కూర్చుంది. నేనైతే ఇరవయ్యేడు నిమిషాల్లో లేచిపోయేదాన్ని.

మా ఇంటికి కొత్తగా వచ్చిన వారంలోనే మా అమ్మని కూర్చోబెట్టి, "అత్తయ్యా, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు?" అని గడియారం చేత్తో పట్టుకుంది. మా అమ్మ "కుక్క, పిల్లి, గాడిద" అని కాస్త ఆగి, గాడిద దగ్గర ఏం గుర్తొచ్చిందో ఏమో, వరసగా మా నాన్న తరఫు బంధువుల పేర్లన్నీ చదివేసింది. మొత్తం ఇరవై. వదిన ముఖంలో ఏ భావమూ లేకుండా మూడే లెక్కలోకి తీసుకుంది. "అన్ని చెబితే మూడంటుందేమిటే మీ వదిన!" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

మా అన్నయ్యకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నెమ్మదైన మనిషి. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరో చూస్తే మనిషి ఆరోగ్యం తెలుస్తుందని వదిన ఏ రోజు చెప్పిందో, ఆ రోజు నుంచి అన్నయ్య పళ్ళు తోముకునేది ఒంటికాలి మీదే, కళ్ళు మూసుకునే. అద్దం నిండా తెల్లటి చుక్కలు. అవి తుడిచేది ఎవరు? నేను. హాల్లో నేల మీద నాలుగు మీటర్ల దూరంలో రెండు నల్ల పట్టీలు అంటించింది వదిన. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఆ పట్టీల మధ్య ఎన్ని సెకన్లలో నడిచాడో ఆవిడ డైరీలో ఉంటుంది. మా పెద్దత్తయ్య మామూలుగా తొమ్మిది సెకన్లు, కాఫీ అయిందని విన్నాక మూడు.

కోపం వస్తే వదిన అరవదు. అంకెలు చెప్పి వెనక నుంచి అప్పజెప్పమంటుంది. "ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు, ఆరు. వెనక నుంచి." పాలు పొంగబెట్టినా ఇదే శిక్ష, గొడుగు పారేసుకున్నా ఇదే శిక్ష. నేను ఇప్పుడు ఏడంకెల దాకా వెనక నుంచి తడుముకోకుండా చెప్పగలను. నేనెన్ని తప్పులు చేశానో దాన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఇక నా సంగతి. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్‌ని. ఆ ఎక్స్‌ఛేంజి మూసేశారు. చేతిలో పని లేక ఇంట్లో అందరి మీదా అరుస్తూ తిరుగుతుంటే వదినే నన్ను పిలిచి, "నీ గొంతు ఊరికే పోతోంది, మా దగ్గరికి రా" అంది.

వాళ్ళ పరిశోధనకి కావలసింది నిజంగా గొంతే. నాలుగు వందల పన్నెండు మందిని ఎంచుకున్నారు. మూడేళ్ళకోసారి అదే మనుషుల్ని పిలిచి, అవే పరీక్షలు పెట్టాలి. రక్తపోటు, పిడికిలి బలం, నడక, ఒంటికాలు, ఆ తరువాత బుర్ర. కొత్తవాళ్ళని పెట్టుకుంటే పనికిరాదు, పరీక్ష మార్చినా పనికిరాదు. కానీ జనం ఒకచోట ఉంటారా? ఇళ్ళు మారతారు, విసుక్కుంటారు, అలుగుతారు. "పోయినవాళ్ళని ఏమీ చెయ్యలేం. అలిగినవాళ్ళని మాత్రం నువ్వే తేవాలి" అంది వదిన. అలా నేను ఫోన్ల మనిషినయ్యాను. వాళ్ళ పుట్టినరోజులు, మోకాళ్ళు, కోడళ్ళు, అన్నీ నా పుస్తకంలో ఉండేవి.

పరీక్ష గది మీరు చూడాలి. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, అంతే. గోడకి క్యాలెండరు కూడా ఉండకూడదు, దాని మీద బొమ్మ చూసి ఎవరికైనా ఏదైనా గుర్తొస్తుందట. వదిన పదిహేను మాటలు చదువుతుంది, సెకనుకొకటి, ఎత్తూ పల్లం లేని గొంతుతో. ఇరవై నిమిషాలయ్యాక ఎన్ని గుర్తున్నాయో చెప్పాలి. ఆ పదిహేను మాటల కాగితం ఇనుప బీరువాలో, బీరువా తాళంచెవి వదిన మెళ్ళో. స్నానానికి వెళ్ళినా తీసేది కాదు. నాకు కూడా చూపించలేదు. ఇంట్లో మనిషినని కూడా చూడకుండా! ఆ కోపం నాకు చాలా ఏళ్ళుంది.

ఈ నాలుగు వందల పన్నెండు మందిలో నలభై ఒక్కరు ఒకే చోట ఉండేవారు. బస్సుల కంపెనీ తన పనివాళ్ళ కోసం కట్టించిన నాలుగంతస్తుల ఇల్లు. లిఫ్టు లేదు. వాళ్ళందరికీ పెద్ద మొదటి అంతస్తులో ఉండే కండక్టర్ గారు. ఆయన రిటైరయినా ఆయన గొంతు రిటైరవలేదు. మెట్ల మీద ఎవరు కనిపించినా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనేవాడు, వెనకాల ఒక్క మనిషి లేకపోయినా.

రెండో విడత పరీక్షలప్పుడు ఆయన భార్య రానంది. మొదటిసారి ఆవిడకి నాలుగు మాటలే గుర్తున్నాయి, అది తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుందట. ఆవిడ రాకపోతే ఆయన రాడు, ఆయన రాకపోతే ఆ ఇంట్లోంచి ఎవరూ రారు. నలభై ఒక్కరు ఒక్క దెబ్బకి ఎగిరిపోతారు. అప్పుడు ఫోన్లో నోటికొచ్చిన మాట ఒకటి అనేశాను.

"అలా అనకండి పిన్నిగారూ. మీరందరూ వచ్చి బాగా చెబితేనే మా వదిన ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే తీసేస్తారట."

అబద్ధం. శుద్ధ అబద్ధం. వదిన ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. కానీ నలభై ఒక్కరూ వచ్చారు, నేను నా పుస్తకంలో నలభై ఒక్క టిక్కులు పెట్టుకుని, ఆ మాట ఆ క్షణమే మరిచిపోయాను.

ఇంకో మూడేళ్ళకి, మూడో విడతలో, అద్భుతం జరిగింది. మిగతా అందరికీ వయసుతోపాటు మాటలు తగ్గుతుంటే ఆ ఇంటివాళ్ళకి పెరిగాయి. నాలుగు చెప్పినవాళ్ళు పధ్నాలుగు చెప్పారు. నాలుగో విడతలోనూ అంతే. ఐదో విడతలోనూ అంతే. మోకాళ్ళు అరిగాయి, పిడికిళ్ళు సడలాయి, డెబ్బై దాటిన ముసలివాళ్ళు గది గుమ్మం దాకా ఆయాసపడుతూ వచ్చి, కుర్చీలో కూర్చోగానే గడగడా చెప్పేసేవారు.

వదిన ఆనందం నేనెలా చెప్పను! ఆవిడ ప్రశ్నకి జవాబు నడిచి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒంట్లో సత్తువ తగ్గినా బుర్ర తగ్గక్కర్లేదు. ఎందుకని? ఆ ఇంట్లో ఉన్నది, మిగతా ఇళ్ళల్లో లేనిది ఏమిటి? వెళ్ళి చూసింది. మెట్లు! అంతస్తుకి పదిహేను మెట్లు. రోజూ ఎక్కీ దిగీ బుర్రకి నెత్తురు బాగా పారుతోంది అని తేల్చింది.

అక్కడి నుంచి మాకు మొదలయింది నరకం. మా ఇంటికి మెట్లు లేవు కాబట్టి అన్నయ్య చేత ఒక స్టూలు చేయించింది, ఎక్కి దిగడానికి. ఆఫీసులో ఆవిడ ఉపన్యాసం విన్న డైరెక్టర్ గారు ఉత్సాహం పట్టలేక లిఫ్టుకి తాళం వేయించాడు. ఆయన గది ఐదో అంతస్తులో. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పదకొండింటికి రావలసిన సంతకం మూడింటికి వచ్చేది, మధ్యలో ఏ అంతస్తులో ఉన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక్కటి మాత్రం వదినకి కొరకరాని కొయ్య అయింది. సబ్బు. పదిహేను మాటల్లో సబ్బు కూడా ఒకటట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రెండో అంతస్తువాళ్ళు ప్రతిసారీ పధ్నాలుగు చెప్పి సబ్బు దగ్గర ఆగిపోతారు. ఒక్కరు కాదు, పదిమంది! వాళ్ళలో రిటైరయిన మెకానిక్ ఒకాయన అయితే తల పట్టుకుని, పైకప్పు చూసి, "ఇంకొకటేదో ఉందమ్మా, నోట్లో నానుతోంది. ఒళ్ళు రుద్దుకునేది... నురగొచ్చేది... జారిపోయేది... అబ్బే, రావట్లేదు!" అనేవాడట.

వదిన ఆ రెండో అంతస్తు స్నానాల గదులన్నీ చూసొచ్చింది. సువాసనకీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం గురించి పుస్తకాలు తిరగేసింది. ఇంట్లో వారానికో రకం సబ్బు పెట్టి మేం మరిచిపోతామేమో చూసింది. చివరికి పదకొండు పేజీల వ్యాసం రాసి ఒక పత్రికకి పంపింది. వాళ్ళు అచ్చేశారు కూడా. ఎవరూ చదవలేదు, అదే మా అదృష్టం.

ఇలా పది విడతలూ పూర్తయ్యాయి. వదినకి అరవై నిండబోతున్నాయి. రిటైరయ్యే ముందు పెద్ద పెద్ద పండితులందరి ఎదుటా ఇరవయ్యేడేళ్ళ పని చదివి వినిపించాలి. నివేదిక రాసేసింది. అందులో నడిమి భాగమంతా ఆ ఇల్లే. అది నిలబడితే ఆవిడ జీవితం నిలబడినట్టు. ఆ మాట ఆవిడ అనలేదు గానీ, రాత్రిళ్ళు నిద్రలో కూడా నవ్వుతోందని అన్నయ్య చెప్పాడు.

సభకి రెండు వారాల ముందు, "మెట్ల ఫోటో ఒకటి తీసుకురావాలి, నువ్వూ రా" అంది. ఒక మధ్యాహ్నం పూట వెళ్ళాం. వదిన మొదటి మెట్టు దగ్గర కెమెరా సర్దుకుంటోంది. వాకిట్లో ఏడెనిమిదేళ్ళ పాప ఒకతె తాడాట ఆడుతోంది. గెంతుకొక మాట.

"గొడుగు, నిచ్చెన, చిలక, సబ్బు, తాళం, మేఘం, కుర్చీ, సూది..."

పిల్లలన్నాక ఏదో పాడుకుంటారు. నేను పట్టించుకోలేదు. వదిన కెమెరా అలాగే కంటి దగ్గర పెట్టుకుని కొయ్యబారిపోయింది.

"...పడవ, గంట, అద్దం, తేనె, బకెట్టు, టోపీ, ఏనుగు!" అని పాప ఏనుగు దగ్గర గట్టిగా దూకింది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" వదిన అడిగింది.

"ఎవరూ నేర్పలేదు. ఇవి మెట్ల మాటలు. అందరికీ వచ్చు" అంది పాప, మెట్ల మాటలు కూడా తెలియని మనిషి ఎవరా అన్నట్టు చూసి.

అంతలో పైనుంచి ఎవరో ఆవిడ సంచి మోసుకుంటూ దిగింది. మెట్టుకొక మాట అనుకుంటూ దిగింది, వెనక నుంచి. ఏనుగు, టోపీ, బకెట్టు, తేనె. వదినని చూసి నాలుక్కరుచుకుని, గిరుక్కున తిరిగి పైకి పోయింది. ఆ కంగారులో కూడా మళ్ళీ తేనె, బకెట్టు, టోపీ, ఏనుగు అనుకుంటూనే ఎక్కింది.

కండక్టర్ గారి తలుపు తీసే ఉంది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నాడు. తలుపు వెనక గోడకి ఒక అట్ట వేలాడుతోంది, బస్సు డ్యూటీల చార్టులా గళ్ళు గీసి, అందమైన దస్తూరీతో. పైన "మరుపు డ్యూటీ" అని రాసి ఉంది. ఒకటో అంతస్తు: మేఘం. రెండో అంతస్తు: సబ్బు. మూడో అంతస్తు: టోపీ. నాలుగో అంతస్తువారు ఎక్కి ఎక్కి అలిసిపోతారు కాబట్టి ఎవరికి తోచింది వారు మరువవచ్చును. అడుగున ఎర్ర సిరాతో: అందరూ పదిహేనూ చెప్పినచో డాక్టరమ్మకి అనుమానము కలుగును.

వదిన ఆ అట్టని పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "అందుకా సబ్బు!" అంది. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క క్షణం ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి నలుగుతున్న ప్రశ్న తేలిపోయింది కదా. ఆ తరువాత, తేలింది ఏమిటో తలకెక్కింది. పక్కనున్న బల్ల మీద కూలబడింది.

కండక్టర్ గారి భార్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. మా ముఖాలు చూసి, తలుపు వెనక చూసి, అంతా అర్థం చేసుకుంది. దాపరికం లేకుండా చెప్పేసింది. రెండో విడత పరీక్ష అయ్యాక ఈ ఇంటివాళ్ళంతా ఆఫీసు హాల్లో కూర్చున్నారట. ఒక్కొక్కరికి ఐదో ఆరో గుర్తున్నాయి. కండక్టర్ గారు టిక్కెట్ల పుస్తకం వెనక అందరివీ రాసుకుంటూ పోతే పదిహేనూ దొరికాయి. అప్పటి నుంచి రోజూ మెట్టుకొక మాట. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళకి ముందు కుళాయి వేళలు చెబుతారు, తరువాత మెట్ల మాటలు.

"ఎందుకండీ?" అంది వదిన. "నేనేమైనా మిమ్మల్ని తప్పు పట్టానా? తగ్గితే తగ్గాయి, నాకు కావలసింది నిజమే కదా!"

"అదేమిటమ్మా, మా మార్కులు తగ్గితే నీ ఉద్యోగం పోతుందని ఈ అమ్మాయే కదా చెప్పింది!" అని ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది. "పసిపిల్లలా ఉండేదానివి. మా మతిమరుపు మూలంగా నీ పొట్ట కొట్టడం మాకిష్టం లేకపోయింది."

వదిన నా వైపు చూసింది. నేను తలుపు వెనక అట్టని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

ఈలోగా కండక్టర్ గారు కిటికీ దగ్గర నుంచి తిరిగి, భార్యని మర్యాదగా, "ఎక్కడ దిగాలమ్మా?" అని అడిగాడు.

"ఇక్కడే, ఇక్కడే. కూర్చోండి" అంది ఆవిడ, రోజూ చెప్పే మాటలా. "రెండేళ్ళుగా ఇదే వరస తల్లీ. నేనెవరో ఒక్కోసారి తెలియదు. ఆ పదిహేను మాత్రం అక్షరం పొల్లుపోడు."

ఆయనకి పదో విడతలో వచ్చింది పధ్నాలుగు. మేఘం ఒక్కటే మరిచిపోయాడు, తన డ్యూటీ ప్రకారం.

ఇంటికి వచ్చాం. వంటింట్లో నిలబడి నేనే మొదలుపెట్టాను. ఆ రోజు ఫోన్లో ఏమన్నానో, ఎందుకన్నానో, అంతా చెప్పి, "నన్ను తిట్టు వదినా" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "నాలుగు, ఎనిమిది, ఒకటి, తొమ్మిది, మూడు, ఆరు, రెండు, ఐదు, ఏడు. వెనక నుంచి" అంది. తొమ్మిదంకెలు. అంతకుముందు ఎప్పుడూ ఏడు దాటలేదు. నేను రెండు చెప్పి ఏడ్చేశాను.

"ఆ పెద్దాయన మతి రెండేళ్ళ నుంచీ జారిపోతోంది. కనిపెట్టడమే నా పని. ఎదురుగా కూర్చోబెట్టుకుని, పధ్నాలుగు అని రాసుకుని, నవ్వుతూ పంపించాను" అంది వదిన. అప్పుడు ఆవిడా ఏడ్చింది. అన్నయ్య వచ్చి ఏం చెయ్యాలో తోచక మా ఇద్దరి మధ్యా ఒంటికాలి మీద నిలబడ్డాడు. పాపం, ఆయనకి తెలిసిన ఓదార్పు అదే.

నాకు సిగ్గులేదు కాబట్టి మర్నాడు పొద్దున్నే ఇంకో సలహా ఇచ్చాను. "ఎవరికి తెలుస్తుంది వదినా? ఆ పాప, ఆ ఇంటివాళ్ళు, మనం. ఫోటో లేకుండా చదివెయ్. రెండు వారాలు గడిస్తే రిటైరైపోతావు."

"నాకు తెలుసు కదే" అంది వదిన. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

సభలో వెనక వరసలో కూర్చున్నాను. వదిన వేదికెక్కి, నివేదిక మూసేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తాడాట పాప గురించి చెప్పింది, చార్టు గురించి చెప్పింది, సబ్బు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. నా పేరు మాత్రం ఎత్తలేదు. "మా తరఫు నుంచి జరిగిన పొరపాటు" అంది అంతే. పండితులు నవ్వాలో వద్దో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా డైరెక్టర్ గారు.

"అయితే మేడమ్, లిఫ్టు వాడుకోవచ్చా?"

వాడుకోవచ్చంది వదిన. సభలో చప్పట్లు మోగాయి. ఆవిడ ఇరవయ్యేడేళ్ళ పనికి దక్కిన చప్పట్లు అవే.

నలభై ఒక్కరినీ లెక్కలోంచి తన చేత్తోనే కొట్టేసింది. కొట్టేస్తే మిగిలింది ఏమిటి? వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకం తగ్గును. ఈ ముక్క మా అమ్మ గాడిద దాకా వెళ్ళకుండానే చెప్పేది. నా నోటి తొందర ఒక మనిషి జీవితాన్ని ఒక వాక్యం చేసేసింది. ఆ నెలంతా నాకు అన్నం సహించలేదు. వదిన మాత్రం మామూలుగానే రిటైరైంది, వాళ్ళిచ్చిన పూలు తెచ్చి నీళ్ళల్లో పెట్టింది, బీరువా తాళంచెవి మెళ్ళోంచి తీసి ఆఫీసులో ఇచ్చేసింది.

ఆ ఇంటికి ఫోన్ చేసే పని నాదే అయింది. నిజం చెప్పడానికి నోరు రాక, "ఇక మీరు రానక్కర్లేదండీ, పరీక్షలు అయిపోయాయి" అన్నాను. మళ్ళీ నా తెలివే! వాళ్ళకి అర్థమైంది ఏమిటంటే, తాము పరీక్ష తప్పామని, అమ్మాయిని తీసేస్తున్నారని.

నెల తిరిగాక ఒక ఉదయం మా వాకిట్లో గోల. చూస్తే, ఆ నలభై ఒక్కరిలో బతికున్న ఇరవై ముగ్గురూ వచ్చారు. ఉతికిన బట్టలు, దువ్విన తలలు. రక్తం తీస్తారేమోనని ఎవరూ ఏమీ తినలేదు. హాల్లో పట్టీల మధ్య నడిచి వచ్చేసరికి గంట పట్టింది. మెకానిక్ గారు గుమ్మంలోంచే, "సబ్బు! సబ్బమ్మా! మాకు ఎప్పుడూ గుర్తే!" అని మొత్తుకున్నాడు. కండక్టర్ గారిని భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

వదిన అందరికీ ముందు టిఫిను పెట్టించింది. నా అబద్ధం గురించి నా చేతనే చెప్పించింది, నిలబెట్టి, అందరి ముందూ. వాళ్ళు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తరువాత ఆవిడ కాగితం, పెన్సిలు తీసుకుని కండక్టర్ గారి ఎదురుగా కూర్చుంది. ఆయన నిటారుగా అయి, అడక్కుండానే మొదలుపెట్టాడు. గొడుగు నుంచి ఏనుగు దాకా, మేఘంతో సహా. వదిన చివరిదాకా విని తల ఊపింది.

"ఇవి కాదండీ. ఇప్పుడు కొత్తవి చెబుతాను." గదిలో కనిపించినవే కలిపి పదిహేను చదివింది, అదే గొంతుతో, సెకనుకొకటి. ఇరవై నిమిషాలు అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అన్నయ్య కూడా రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి."

ఆయన చాలాసేపు వెతికాడు. పెదాలు కదిలాయి. "కిటికీ" అన్నాడు. ఇంకాసేపటికి "చెప్పులు" అన్నాడు. ఆ పైన ఏమీ రాలేదు. "ఎన్ని?" అని అడిగాడు.

"రెండు" అని రాసుకుంది వదిన. మొదటి రెండు విడతల తరువాత, ఇన్నేళ్ళకి, ఆయన దగ్గర ఆవిడకి దొరికిన నిజమైన లెక్క ఇదే.

ఆయన కుర్చీ అంచుకి జరిగాడు. "రెండేనా! మరి... మరి నీ ఉద్యోగం?"

వదిన పెన్సిలు పక్కన పెట్టి ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "నా ఉద్యోగం పూర్తయిపోయింది కండక్టర్ గారూ. ఎవరూ తీసెయ్యలేదు. ఉన్నన్నాళ్ళూ చేసి, అరవై నిండాక ఇంటికొచ్చాను. ఇక మీరు నిశ్చింతగా మరిచిపోండి."

"ఖాయమేనా?"

"ఖాయం."

"అమ్మయ్య" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ఇరవై ముగ్గురిలోనూ ఎవరెవరో గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. వదిన కాగితం తీసుకుని పక్క కుర్చీలో ఉన్న మెకానిక్ గారి దగ్గరికి జరిగింది.

కాసేపటికి కండక్టర్ గారు భార్య వైపు వంగి, మెల్లిగా అనుకుని అందరికీ వినపడేలా అడిగాడు. "ఆ కాగితం పట్టుకున్న అమ్మాయి ఎవరు?"

"డాక్టరమ్మ అండీ."

ఆయన వదిన వైపు కాసేపు తేరిపార చూశాడు.

"చూస్తే మంచిపిల్లలా ఉంది" అన్నాడు. "ఆ అమ్మాయి ఉద్యోగం పోకుండా మనం ఏదో ఒకటి చెయ్యాలి."